ఓడ కూత వినిపిస్తుంది, సముద్రం కనిపించదు

(చెన్నై మహానగర మేయర్ గారికి బహిరంగ లేఖ)



మొన్న ఒక ఆదివారం బీచ్ స్టేషను బయట ఒక కుటుంబం నన్ను ఆపి దారి అడిగింది. సూళ్ళూరుపేట వాళ్ళట. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. చిన్నవాడి చేతిలో ఇసుకలో ఆడుకునే ప్లాస్టిక్ బకెట్టు, చిన్న పార. "అమ్మా, బీచికి ఎటు పోవాల?" అన్నాడాయన. ఏం చెప్పను? వాళ్ళు దిగిన స్టేషను పేరు చెన్నై బీచ్. ఎదురుగా ఉన్న రోడ్డుకు పాత పేరు ఫస్ట్ లైన్ బీచి. దాని వెనక రోడ్డు సెకండ్ లైన్ బీచి. ఇన్ని బీచిల నడుమ నిలబడి, "ఇక్కడ సముద్రం లేదు నాయనా, బస్సెక్కి మెరీనాకు పోండి" అని చెప్పాను. అబద్ధమే. సముద్రం స్టేషను వెనకాలే ఉంది. పట్టాలకు అవతల హార్బరు ప్రహరీ అడ్డం. పిల్లవాడు బకెట్టును టోపీలాగా తలమీద బోర్లించుకుని బస్సు స్టాపు వైపు నడిచాడు.

ఆ గోడ గురించి, దానికంటే ముందు మా ఊరు జార్జిటౌనుకు ఉన్న ఇంకో గోడ గురించి మీకు రెండు మాటలు చెప్పుకుందామని ఈ ఉత్తరం.

తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను 'మద్రాసు మనదే' బాపతు మనిషిని కాదు. ఆ లెక్క 1953లోనే తేలిపోయింది, తేలినందుకు నాకు దిగులూ లేదు. తమిళం నాకు కూరగాయల బేరం దగ్గర్నుంచి తగువుల దాకా అన్నిటికీ పనికొస్తుంది. అయితే పాత సంగతులు చెప్పుకోవాలంటే తెలుగే వస్తుంది. పైగా మీ కార్పొరేషనుకు తెలుగు కొత్త కాదు. 1688 సెప్టెంబరు 29న అది మొదలైనప్పుడు తొలి ఆల్డర్మెన్లలో చిన్న వెంకటాద్రి అనే తెలుగు వర్తకుడు ఉన్నాడు. ఇవాళా మీ దగ్గర తెలుగు ఉంది, కాకపోతే కుర్చీల దగ్గర లేదు, చీపుళ్ళ దగ్గర ఉంది. మా వీధి ఊడ్చే ఆమె తెల్లవారి అయిదింటికి నాతో మాట్లాడేది తెలుగే. వాళ్ళ అవ్వ కాలంలో ఒంగోలు వైపు నుంచి వచ్చారట.

నేను జార్జిటౌనులో పుట్టాను. అరవై ఏడేళ్ళు. గోవిందప్ప నాయకన్ వీధికి ఆనుకుని ఉన్న ఒక సందులో, కాగితాల గోడౌను మీద, రెండో అంతస్తులో ఉంటాను. స్కూల్లో తెలుగు పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. నా చివరి తరగతిలో పదకొండుమంది పిల్లలు. మా తాత నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక తెలుగు అచ్చాఫీసులో కంపోజిటరుగా చేరాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా గడగడా చదివేవాడు. మామూలు పుస్తకం ఇస్తే మాత్రం తడుముకునేవాడు. అప్పట్లో ఎస్ప్లనేడు మీద వావిళ్ళ వారు, తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక. నెల్లూరులో, బెజవాడలో చదువుకున్నవాళ్ళు ఏ పుస్తకం తిప్పినా అట్ట మీద మా వీధుల పేర్లుండేవి. ఆ వీధులు ఎలా ఉంటాయో వాళ్ళలో చాలామందికి తెలియదు. ఇప్పటికీ తెలియదు. సెంట్రల్లో దిగి నేరుగా టీ నగర్ పోతారు.

సెంట్రల్ అంటే గుర్తొచ్చింది. స్టేషనుకు అటుపక్క మీ రిప్పన్ భవనం. ఇటుపక్క మా ఊరు మొదలు. మీకూ మాకూ మధ్య ఉన్న రోడ్డును వ.వు.చి. శాలై అని మార్చారు గాని ఆటోవాడికి ఆ పేరు చెబితే ఒకటికి రెండుసార్లు అడుగుతాడు. వాల్‌టాక్స్ రోడ్డు అంటేనే బండి కదులుతుంది. గోడ పన్ను రోడ్డు. ఇంత వింత పేరున్న రోడ్డు ఇంకో ఊళ్ళో ఉందేమో నాకు తెలియదు.

దాని కథ మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. 1639లో దామెర్ల నాయకుల దగ్గర అనుమతి పుచ్చుకుని ఇంగ్లీషువాళ్ళు ఇసుక మీద కోట కట్టుకున్నారు. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. కోటలోపల తెల్లవాళ్ళు, కోటను ఆనుకుని ఉత్తరాన నల్లవాళ్ళు. దాన్ని బ్లాక్ టౌన్ అన్నారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఇళ్ళూ అంగళ్ళూ చెన్నకేశవుడి గుడీ ఉండేవి. ఫ్రెంచివాళ్ళు 1746లో ఊరు పట్టుకున్నారు, 1758 చివర్లో మళ్ళీ వచ్చి ముట్టడి వేశారు. కోట గోడకు ఎదురుగా ఇళ్ళుంటే శత్రువు వాటి చాటున దాక్కుని కాలుస్తాడని ఇంగ్లీషువాళ్ళు పేటను చదును చేశారు. గుడిని 1757లోనే తీసేశారు. దేవుడికి కొత్త చోటు పూలబజారు దగ్గర దొరికింది. 1760లలో కట్టిన ఆ జంట గుళ్ళలో ఇవాళా చెన్నకేశవుడూ చెన్నమల్లీశ్వరుడూ పక్కపక్కనే ఉన్నారు. ఊరి పేరుకు తోడుగా ఉన్న దేవుణ్ణి ఊరే ఒకసారి ఇల్లు ఖాళీ చేయించిందన్న మాట. అద్దె ఇంట్లో ఉన్నదాన్ని కాబట్టి ఆ గుడికి వెళ్ళినప్పుడల్లా ఈ సంగతి నాకు కొంచెం ఎక్కువ గుర్తొస్తుంది.

మనుషులు ఉత్తరానికి జరిగి ముత్యాలపేటలో, పెద్దనాయకన్‌పేటలో సర్దుకున్నారు. ఆ పేటలే ఇవాళ్టి మా జార్జిటౌను. పెద్దనాయకుడంటే పట్నం కావలి పెద్ద. పేరు చూస్తేనే తెలుస్తుంది ఎవరి భాషో. ఇంతలో మైసూరు నుంచి హైదరాలీ. 1767లో అతని గుర్రపు దళం ఊరి శివార్లు దోచుకుపోయింది. 1769లో తనే వచ్చి ఊరి గుమ్మంలో కూర్చుని సంధి రాయించుకున్నాడు. అప్పుడు కంపెనీకి భయం పట్టుకుని కొత్త పేటలకు పడమరా ఉత్తరమూ గోడ కట్టించింది. తూర్పున సముద్రమే కాపలా అనుకున్నారు. దక్షిణాన కోట ఫిరంగులుండేవి. ఆ ఫిరంగులకు అడ్డు లేకుండా ఎంతవరకు ఇళ్ళు కట్టకూడదో చెప్పే ఎల్లరాయి, 1773 నాటిది, ప్యారీస్ కార్నర్‌లో ఇవాళా ఉంది. దాని పక్కనే నిలబడి జనం బస్సుకు ఎదురుచూస్తుంటారు.

గోడ కాంట్రాక్టరు పేరు పాల్ బెన్‌ఫీల్డ్. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి, ఆ అప్పుల రచ్చ లండన్ పార్లమెంటు దాకా తీసుకుపోయిన మహానుభావుడు. కాంట్రాక్టర్ల సంగతి మీకు నేను చెప్పేదేముంది. గోడ మీకోసమే కట్టాం కాబట్టి ఖర్చు మీరే పెట్టుకోవాలని కంపెనీ జనం మీద పన్ను వేయబోయింది. అది చట్టప్రకారం చెల్లదన్న సందేహం వచ్చింది, వసూలు కాలేదు. మా అవ్వ ఈ కథ చెప్పి, "కట్టని పన్ను గనకే పేరు నిలిచింది. కట్టుంటే ఎవరికి గుర్తుండేది?" అనేది. మేము పన్నులు బాగానే కడుతున్నాం, ఆ పన్ను ఒక్కటే తప్ప.

గోడ అవసరం పందొమ్మిదో శతాబ్దంలో తీరిపోయింది, కూల్చేశారు. యానైకవుని అని మేం పిలిచే ఏనుగు గేటు పోయి పేరు మిగిలింది. పాత జైలు రోడ్డులో ఉత్తరపు గోడ ముక్క ఒకటి నిలిచింది. దాని మీద పార్కు పెట్టారు, మాడి పూంగా అంటారు, అంటే మిద్దె మీది తోట. మెట్లెక్కి పైకి వెళితే బెంచీలు, చెట్లు. అక్కడ కూర్చున్న ఒక ముసలాయన్ని, "ఈ గోడ ఏమిటో తెలుసా తాతా?" అని అడిగాను. "వాటర్ ట్యాంకు" అన్నాడు. పోనీ ఆయనకు నీడ దొరికింది, అదే చాలు. అయినా ఒక పలక పెట్టించండి. తమిళంలో, ఇంగ్లీషులో, వీలైతే తెలుగులో, ఉర్దూలో, గుజరాతీలో. మా ఊళ్ళో చదివేవాళ్ళకు కొదవ లేదు.

ఇక గోడలోపల బతుకు ఎలా ఉంటుందో చెబుతాను. మీరు ప్రచారానికి వచ్చినప్పుడు చూసే ఉంటారు. కాని మీకోసం ఊడ్చి, మోటారు సైకిళ్ళు తీయించి చూపించిన వీధి వేరు.

మా వీధిలో సోమవారం మొదలయ్యేది పొద్దున తొమ్మిదిన్నరకు, షట్టర్లతో. ఒకటి లేస్తే వరసగా లేస్తాయి, రైలు వంతెన మీద పోతున్నట్టుంటుంది చప్పుడు. ఆ తర్వాత మీన్‌బాడీ బండ్లు. ఒకప్పుడు చేపలు మోసిన మూడు చక్రాల తొక్కుడు బండికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు కాగితం రీములు, ప్లాస్టిక్ కుర్చీలు, రసాయనాల డబ్బాలు, పెళ్ళికార్డుల కట్టలు అన్నీ మోస్తుంది. ఒక్కో వీధికి ఒక్కో సరుకు. అండర్సన్ వీధి కాగితం, పెళ్ళికార్డులు. గోడౌను వీధి బట్టలు. రాసప్పచెట్టి వీధిలో పసరుమందుల వాసన, కళ్ళు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో ముక్కు చెబుతుంది. 1996 దాకా కొత్వాల్ చావడి కూరగాయల సంత మా ఇంటికి కూతవేటు. కుళ్ళిన క్యాబేజీ వాసన ఎండాకాలంలో అన్నం పళ్ళెంలోకి వచ్చేది. సంత కోయంబేడుకు పోయిన రోజు వీధి అంతా సంబరం. నెల తిరక్కుండానే మా అమ్మ కొత్తిమీరకట్టకు ఇంత ధర ఏమిటని గొణగడం మొదలుపెట్టింది.

ఇల్లు సన్నగా పొడుగ్గా ఉంటుంది, రైలు పెట్టెలాగా. ముందు అరుగు, వెనక చావడి, మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, దాని వెనక ఇంకో చావడి. అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ముంగిలి మీద రేకు వేశారు, ఎందుకంటే కింద కాగితం తడవకూడదు. పైన మాది మద్రాసు మిద్దె. టేకు దూలాల మీద ఇటుకలను నిలువునా ఏటవాలుగా పేర్చి, పైన సున్నం దంచి వేసింది. మేలో మధ్యాహ్నం రెండింటికి బయట రోడ్డు కాలిపోతుంటే మా చావడిలో నేల చల్లగా ఉంటుంది. దాని కింద పడుకుంటే ఇటుకల వరసలు చేపముల్లులా కనిపిస్తాయి. చిన్నప్పుడు జ్వరం వస్తే వాటిని లెక్కపెట్టేదాన్ని. ఒక్కసారీ లెక్క కుదరలేదు.

దూలానికి చెదపట్టి కొంచెం కుంగితే, బాగుచేసే మేస్త్రీ ఒక పట్టాన దొరకడు. మాకు తెలిసిన ఒకాయన తిరువొత్తియూరు నుంచి వస్తాడు. ఆయనకు డెబ్భై. "సిమెంటు పూసేయమ్మా" అని తనే అంటున్నాడు. సున్నపు మిద్దె మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోదు, దూలం ఇంకా తొందరగా పుచ్చుతుంది. ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం టీ తాగుతాం, ఆ ఏటికి వాయిదా వేస్తాం.

రెండేళ్ళ కిందట మా పక్కింటి పెద్దాయన రాత్రి పదిన్నరకు మెట్ల మీద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అంబులెన్సు పావుగంటలో వచ్చింది, వీధి మొగలో ఆగింది. లోపలికి రాలేదు. రెండు లారీలు సరుకు దించుతున్నాయి, వాటి వెనక బండ్లు, బండ్ల మధ్య మోటారు సైకిళ్ళు. స్ట్రెచరు ఆ మెట్ల మలుపు తిరగదు. మా వీధి ఇళ్ళలో మెట్లు ఒక మనిషికి సరిపడా వెడల్పు, పట్టుకోవడానికి తాడు. అప్పుడు లారీ దగ్గరున్న నలుగురు మూటల మనుషులు పైకి వచ్చారు. పగలంతా కింద బూతులు తిట్టుకుంటూ అరిచే వాళ్ళే. పెద్దాయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాళ్ళతో కుర్చీకి కట్టి, ఒకడు ముందు వెనక్కి నడుస్తూ, "ఇంకా తొమ్మిది మెట్లు తాతా, ఎనిమిది, ఏడు" అని లెక్క చెబుతూ దించారు. సందులోంచి మొగ దాకా మీన్‌బాడీ బండి మీద. ఆయన బతికాడు. ఇప్పుడు అంబత్తూరులో కూతురి దగ్గర ఉన్నాడు. ఆ ఇల్లు గోడౌను అయింది.

మా ఊరికి వచ్చిన ముప్పు ఇదే, మేయర్ గారూ. ఇల్లు ఖాళీ అయితే మనిషికి అద్దెకివ్వరు, మూటలకిస్తారు. మూటలు నీళ్ళు రాలేదని ఫిర్యాదు చెయ్యవు, గోడ పగిలిందని అడగవు, అద్దె రెట్టింపు ఇస్తాయి. ఇంకో రెండు వీధుల అవతల ఒక పాత ఇంటిని విప్పేటప్పుడు చూశాను. బర్మాటేకు స్తంభాలు నాలుగు, చెక్కడపు ద్వారబంధం లారీకెక్కాయి. మహాబలిపురం రోడ్డులో ఏదో రిసార్టుకట. అక్కడ జనం వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. అవి నిలిచిన చోట ఇప్పుడు ఇనుప షట్టరు.

వారసత్వం గురించి మీటింగులు జరుగుతుంటాయి, నేనూ వెళుతుంటాను. 1892 నాటి హైకోర్టు ఎర్ర గుమ్మటాలు, గ్రీకు గుడిలాంటి పచ్చయప్ప హాలు, ఆర్మీనియన్ చర్చి గంటలు, అన్నీ తెర మీద చూపిస్తారు. అవి ఉండాలి, కాదనను. బందరు వీధిలో త్యాగయ్యగారు దిగిన ఇల్లంటారు, కాళికాంబ గుడికి శివాజీ వచ్చాడంటారు, వినడానికి నాకూ ఇష్టమే. బ్రాడ్వేకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారని, 1928లో సైమన్ కమిషనప్పుడు తుపాకీ ముందు రొమ్ము విప్పి నిలబడింది ఈ చుట్టుపక్కలేనని నా పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. అయితే ఆ మీటింగుల్లో రాత్రిపూట ఇక్కడ నిద్రపోయేవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు. ఊరంటే కట్టడాలని వాళ్ళ లెక్క. నా లెక్కలో, రాత్రి పదింటికి ఎన్ని కిటికీల్లో దీపం వెలుగుతుందో అదే ఊరు. మా సందులో ఇరవై రెండు ఇళ్ళకు ఇప్పుడు ఏడు.

ఇక హార్బరు. దీని దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మా ఊరు పుట్టిందే సముద్రం మీద, అదీ వింతగా. ఇక్కడ ఓడ ఆగడానికి అనువైన చోటే లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరితాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అలల మీద పడుతూ లేస్తూ మనుషుల్నీ సరుకునీ ఒడ్డుకు తెచ్చేవి. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందని కొందరంటారు. రెండొందల ఏళ్ళకు పైగా అలాగే నడిచింది. 1861లో సముద్రంలోకి ఇనుప వంతెన కట్టారు. 1870లలో రాళ్ళు పోసి రెండు చేతులు చాపినట్టు హార్బరు మొదలుపెట్టారు, 1881 తుపాను వాటిని విరగ్గొట్టింది. మళ్ళీ కట్టారు. 1904లో వచ్చిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ దాని నోరు తూర్పు నుంచి ఈశాన్యానికి తిప్పాక కుదుటపడింది.

రాళ్ళు అడ్డం వేసేసరికి సముద్రం తన లెక్క తను వేసుకుంది. మన తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. హార్బరు దాన్ని ఆపింది. ఆగిన ఇసుక దక్షిణాన పోగుపడి మెరీనా వెడల్పయింది. రావలసిన ఇసుక రాక ఉత్తరాన రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది, అక్కడ బండరాళ్ళు పోశారు. మధ్యలో మాకు అలలూ లేవు, ఇసుకా లేదు, లారీలు ఉన్నాయి. మెరీనాలో సుండల్ తింటూ గాలి పీల్చుకునేవాళ్ళు ఒక్కసారి ఉత్తరానికి తిరిగి దణ్ణం పెట్టుకోవాలని నా అభిప్రాయం. వాళ్ళు కూర్చున్న ఇసుకలో కొంత వాటా మాది.

మా మిద్దె ఎక్కితే క్రేన్ల మెడలు కనిపిస్తాయి. ఒక్కోసారి ఓడ పైభాగం, తెల్లటి అంతస్తులు, ఇళ్ళ వెనక ఇంకో వీధి మొలిచినట్టు. తెల్లారేసరికి ఆ వీధి మాయం. గాలి తూర్పు నుంచి తిరిగినప్పుడు ఉప్పు వాసన వస్తుంది, ఆరేసిన చీర సాయంత్రానికి కొంచెం బంకగా ఉంటుంది. కిటికీ ఇనుప ఊచలు మూడేళ్ళకోసారి రంగు అడుగుతాయి. సముద్రం మా ఇంటికి ఇన్ని రకాలుగా వస్తుంది, మేం దాని దగ్గరికి పోవడానికే దారి లేదు.

డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి మాత్రం మా ఊరు హార్బరు పట్నమని గుర్తొస్తుంది. రేవులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారి కూత పెడతాయి. లావు గొంతులు, సన్న గొంతులు, ఒకటి ఆగితే ఒకటి. పక్క కిటికీలు తెరుచుకుంటాయి. మార్వాడీల ఇంటి ముసలమ్మ, బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబపు అత్తో (బర్మా నూడుల్సు) బండి అబ్బాయి, మన్నడి వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మరైక్కాయరు సాయిబు, నేను, అందరం మిద్దెల మీద నిలబడి వింటాం. ఏమీ కనిపించదు. నాలుగైదు నిమిషాలు. తర్వాత ఎవరిళ్ళకు వాళ్ళం. ఎక్కడెక్కడి నావికులో, మా ముఖాలు చూడకుండానే మాకు శుభాకాంక్షలు చెప్పి పోతున్నారు.

హైదరాలీ వస్తాడని పడమటా ఉత్తరమూ గోడ కట్టారు. అతను మళ్ళీ రాలేదని కాదు గాని గోడ పోయింది. తూర్పు తెరిచి ఉంచారు, ఇప్పుడు గోడ అక్కడ ఉంది. అంటే మాకు గోడ తప్పలేదు, దిక్కు మారింది. పాత గోడ మమ్మల్ని కాపాడటానికని చెప్పి పన్ను అడిగారు. కొత్త గోడ హార్బరును మా నుంచి కాపాడుతున్నట్టుంది.

హార్బరు మీ చేతిలో లేదని, అది కేంద్రానిదని నాకు తెలుసు. భద్రత అనే మాటకు ఎదురు మాట లేదనీ తెలుసు. మెరీనాలో ఉన్నంత బీచి మాకు తెచ్చివ్వమని అడగడం లేదు. ఇంత పొడుగు గోడలో ఎక్కడో ఒక చోట, పాతిక మంది నిలబడేంత చోటు, నీళ్ళు కనిపించేలా. మూడు మెట్ల గద్దె అయినా చాలు. మీరు అడిగితే వాళ్ళు వినొచ్చు. ఊరి తరఫున అడగడానికే కదా 1688లో ఆ కుర్చీ వేసింది.

మీ చేతిలో ఉన్నవి ఇంకో రెండున్నాయి. రాత్రి పది తర్వాత, ఒక్కో వీధిలో ఒకవైపు మాత్రమే లారీ ఆగేలా గీత గీయించండి. అంబులెన్సూ ఫైరింజనూ పట్టేంత గీత. వర్తకులు ఒప్పుకోరని అంటారు. ఒప్పుకుంటారు. వాళ్ళ గోడౌన్లలో ఉన్నది కాగితమూ రసాయనాలూ, నిప్పంటే వాళ్ళకు నాకంటే ఎక్కువ భయం. రెండోది, మనుషులు కాపురముంటున్న పాత ఇళ్ళకు ఇంటిపన్నులో కొంత తగ్గించి, మరమ్మతుకు అనుమతి తేలిక చెయ్యండి. గోడౌనుకూ కాపురానికీ తేడా కాగితం మీద కనిపించాలి. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళ దగ్గర పదిమంది కుర్రాళ్ళను పెట్టించండి. ఆ తిరువొత్తియూరు మేస్త్రీకి నేను ఫోన్ చేసి చెబుతాను, వస్తాడు. టీ నేనిస్తాను.

ఒకసారి మీరే మా వీధికి రండి. ముందుగా చెప్పకుండా రండి, ఊడ్పించకుండా. ఆదివారమైతే గోడౌను వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, మూసిన షట్టరే వికెట్టు. వీధి ఎంత వెడల్పో ఆ రోజే తెలుస్తుంది. సోమవారమైతే మీ కారును వాల్‌టాక్స్ రోడ్డులోనే వదిలి నడవాల్సి ఉంటుంది.

రెండో అంతస్తు. పందొమ్మిది మెట్లు. తాడు గట్టిగానే ఉంది.

ఇట్లు,
జార్జిటౌను నుంచి ఒక పాత తెలుగు పంతులమ్మ